ఒక కుమార్తె అడిగిన న్యాయము

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడట" అనే సామెత మనందరికీ తెలిసినదే. జానెడు గట్టు కోసము ఎకరము పొలము అమ్ముకొన్నవారిని మనము చూచియున్నాము. వాయిదాలకు తిరిగి తిరిగి వయస్సు మళ్ళిపోయిన వారినీ ఎరుగుదుము. అందుచేత కోర్టు అనగానే మన పల్లె కుటుంబములలో ఒక భయము, ఒక విసుగు కనబడుతుంది. అది ఊరకే వచ్చినది కాదు.

అయినను ప్రియ పాఠకులారా, ఒక సంగతి మనము గమనించవలసియున్నది. కొన్ని వ్యాజ్యములు ఇద్దరి మధ్య మొదలవుతాయి గాని ఇద్దరితో ముగిసిపోవు. ఆ ఇద్దరినీ ఎన్నడూ చూడనివారి ఇండ్లలోనికి కూడ ఆ తీర్పు నడచి వస్తుంది. మన తల్లులకు, అక్కచెల్లెండ్రకు, కుమార్తెలకు ఈ రోజున ఉన్న హక్కులలో కొన్ని ఆ విధముగా వచ్చినవే. అటువంటి కొన్ని తీర్పులను గూర్చి, అవి మన ఇంటికి ఏమి తెచ్చినవో, ఏమి తేలేకపోయినవో ఈ నెల కలసి ఆలోచించుదాము.

ఐదుగురు అక్కచెల్లెండ్రు

ఇది కొత్త సంగతి కాదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెల వృత్తాంతము మనము చదివియున్నాము. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు. తండ్రి అరణ్యములో చనిపోయాడు. కుమారులు లేరు. భూమి పంచే సమయము వచ్చినప్పుడు తమ తండ్రి పేరు మాసిపోకూడదని, తమకూ స్వాస్థ్యము కావాలని వారు మోషే యెదుట, యాజకుని యెదుట, పెద్దలందరి యెదుట నిలిచి అడిగారు.

మోషే వారిని "ఆడపిల్లలు, మీకెందుకు?" అని తోలివేయలేదు. తనకు తోచినట్లు చెప్పలేదు కూడ. ఆ మాటను దేవుని యొద్దకు తీసికొనిపోయాడు. వారి మాట న్యాయమైనదే అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఆ ఐదుగురికే పరిమితము కాలేదు. కుమారులు లేని ప్రతి ఇంటికీ అది కట్టడగా నియమింపబడింది. తరువాత 36వ అధ్యాయములో గోత్రపు భూమి ఇతర గోత్రములకు పోకుండ మరొక షరతు చేరింది. అనగా ఒక ప్రశ్న తీర్పు అయినది, తీర్పు చట్టమైనది, ఆ చట్టమునకు తరువాత సవరణ వచ్చినది. నేటి న్యాయస్థానములలోనూ పని ఇదే వరుసలో జరుగుచున్నది.

మన రాజ్యాంగములో దీనికి రెండు అధికరణములు ఆధారము. ప్రాథమిక హక్కుకు భంగము కలిగినప్పుడు ఏ పౌరుడైనా నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునని 32వ అధికరణము చెప్పుచున్నది. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రము దేశములోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణము చెప్పుచున్నది. ఢిల్లీలో ఒక స్త్రీ గెలిచిన మాట మన తాలూకా కోర్టులోనూ చెల్లుబాటు కావడానికి కారణము ఇదే.

బళ్ళారిలో పుట్టిన ప్రశ్న

క్రైస్తవుల ఆస్తి ఏ చట్టము ప్రకారము పంచాలి? ఈ ప్రశ్న మన పొరుగుననే, బళ్ళారిలో పుట్టింది. అప్పుడది మద్రాసు రాష్ట్రములోని దత్త మండలములలో ఒక భాగము. అక్కడ మాథ్యూ అబ్రహాము అనే దేశీయ క్రైస్తవుడు వ్యాపారము చేసి చాలా సంపాదించి, వీలునామా వ్రాయకుండ 1842లో చనిపోయాడు. ఆయన భార్య షార్లెట్‌కు, తమ్ముడు ఫ్రాన్సిస్‌కు మధ్య ఆస్తి వివాదము వచ్చింది. మాది ఉమ్మడి కుటుంబము, హిందూ ధర్మశాస్త్రము ప్రకారము నాకు వాటా ఉన్నదని తమ్ముని వాదన. మేము క్రైస్తవులము, ఆ శాస్త్రము మాకు వర్తించదని భార్య వాదన.

ఆ వ్యాజ్యము బళ్ళారి నుండి మద్రాసుకు, మద్రాసు నుండి సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలుకు పోయింది. 1863లో తీర్పు వచ్చింది. క్రైస్తవ మతము స్వీకరించిన వానిని పాత ధర్మశాస్త్రము బలవంతముగా కట్టివేయదనియు, అతడు దానిని విడిచిపెట్టవచ్చును లేక ఉంచుకొనవచ్చుననియు, అతని నడత, జీవన విధానము చూచి అది తేల్చాలనియు ఆ తీర్పు సారాంశము.

ఇంటింటికీ నడత విచారించి ఆస్తి పంచడము సులభమా? రెండు సంవత్సరములకు, 1865లో, భారత వారసత్వ చట్టము వచ్చింది. దానినే మరికొన్ని చట్టములతో కలిపి 1925లో తిరిగి కూర్చారు. తెలుగు క్రైస్తవ కుటుంబములకు నేటికిని వర్తించేది ఈ 1925 నాటి చట్టమే.

అందులో ఏమున్నది? వీలునామా లేకుండ భర్త చనిపోతే, పిల్లలున్న పక్షమున భార్యకు మూడవ వంతు వస్తుంది. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికి సమానముగా వస్తాయి. కుమారుడు, కుమార్తె అనే భేదము లేదు. పెండ్లి అయినది, కానిది అనే భేదమూ లేదు. ఉదాహరణకు ఆరు ఎకరములు ఉన్నాయనుకొందాము. భార్య, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. భార్యకు రెండు ఎకరములు, నలుగురు పిల్లలకు తలా ఒక ఎకరము. లెక్క ఇంతే.

కొట్టాయము నుండి వచ్చిన అర్జీ

ఇంత స్పష్టమైన చట్టముండగా కేరళలోని చాలామంది క్రైస్తవ కుమార్తెలకు మాత్రము అది అందలేదు. పూర్వపు ట్రావన్కోరు సంస్థానము తన క్రైస్తవులకు 1916లో వేరుగా ఒక వారసత్వ చట్టము చేసుకొన్నది. దాని ప్రకారము వీలునామా లేని తండ్రి ఆస్తిలో, కుమారులు ఉన్నప్పుడు, కుమార్తెకు వచ్చేది కుమారుని వాటాలో నాలుగవ వంతు లేక ఐదు వేల రూపాయలు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే. దానికి స్త్రీధనము అని పేరు. పెండ్లిలో స్త్రీధనము ఇచ్చినా, ఇస్తామని మాట ఇచ్చినా, ఇక అడగడానికి ఏమీ లేదు. విధవరాలికి భర్త భూమి మీద బ్రతికినంత కాలము అనుభవ హక్కు మాత్రమే ఉన్నది. మరల వివాహము చేసికొంటే అదీ పోతుంది.

కొట్టాయము ప్రాంతపు సిరియను క్రైస్తవ కుటుంబములో పుట్టిన మేరీ రాయ్ అనే స్త్రీ ఈ చట్టమును ఎదిరించింది. ఆమె భర్తను విడిచి ఇద్దరు చిన్నపిల్లలతో ఊటీలో తన తండ్రికి ఉన్న ఇంటిలో తలదాచుకొన్నది. ఆ ఇంటి నుండి ఆమెను వెళ్ళగొట్టాలని చూచినది పరాయివారు కాదు, స్వంత కుటుంబమువారే. తండ్రి ఆస్తిలో కుమార్తెకు హక్కు లేదు గదా అన్నది వారి మాట. తరువాత ఆమె కొట్టాయములో 1967లో ఒక పాఠశాల స్థాపించి, తన కాళ్ళ మీద తాను నిలబడింది. పేరుగల రచయిత్రి అరుంధతీ రాయ్ ఆమె కుమార్తె.

ఆమె 1983లో సుప్రీంకోర్టుకు అర్జీ పెట్టుకొన్నది. స్త్రీ అయిన కారణము చేత తక్కువ వాటా ఇచ్చే చట్టము రాజ్యాంగములోని 14వ అధికరణమునకు, అనగా చట్టము ముందు అందరూ సమానులనే మాటకు, విరుద్ధమని ఆమె వాదన. 1986 ఫిబ్రవరి 24న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి, న్యాయమూర్తి ఆర్.ఎస్. పాఠక్ తీర్పు చెప్పారు.

ఆ తీర్పు ఏ దారిన వచ్చినదో చూడండి. స్త్రీ పురుషుల సమానత్వమును గూర్చిన పెద్ద ప్రశ్నలోనికి న్యాయమూర్తులు పోలేదు. వారికి ఆ అవసరము రాలేదు. సంస్థానములు దేశములో కలసిన తరువాత పార్లమెంటు 1951లో ఒక చట్టము చేసి, భారత వారసత్వ చట్టమును ట్రావన్కోరు, కొచ్చిన్ ప్రాంతమునకు విస్తరింపజేసింది. అందుకు సమానమైన సంస్థానపు చట్టములు అదే చట్టముతో రద్దయినవి. కాబట్టి 1951 ఏప్రిల్ 1 నుండే ట్రావన్కోరు క్రైస్తవ వారసత్వ చట్టము చెల్లదని కోర్టు తేల్చింది. ముప్పై ఐదు సంవత్సరములు ఆ దేశపు కుమార్తెలు లేని చట్టము పేరిట తమ వాటా పోగొట్టుకొన్నారన్న మాట! హక్కు పుస్తకములో ఉన్నది. అడిగినవారు లేక అది అక్కడనే నిద్రపోయింది.

తీర్పు తరువాత

తీర్పు వచ్చిన మరునాటి నుండి కుమార్తెలందరూ సంతోషముగా వాటాలు తీసికొన్నారని మనము వ్రాయలేము. అక్కడ పెద్ద అలజడి లేచింది. 1951 నుండి జరిగిన పంపకములన్నీ తిరగబడతాయని, అమ్మకములు, తాకట్టులు చెడిపోతాయని, కుటుంబములు చీలిపోతాయని భయపెట్టారు. సంఘ నాయకులలో కొందరు కూడ ఆ తీర్పును వ్యతిరేకించారు. దాని బలము తగ్గించుటకు బిల్లులు తేవాలనే ప్రయత్నములు జరిగినవి గాని అవి చట్టము కాలేదు.

చట్టము మీద చెల్లని ఎత్తు కాగితము మీద చెల్లింది. తండ్రులు వీలునామాలు వ్రాసి కుమార్తెలను తప్పించారు. అన్నదమ్ములు అక్కచెల్లెండ్ర చేత హక్కు విడుదల పత్రముల మీద సంతకములు పెట్టించుకొన్నారు. మేరీ రాయ్ కూడ సుప్రీంకోర్టులో గెలిచినంత మాత్రాన తన వాటా చేతికి రాలేదు. దాని కోసము ఆమె క్రింది కోర్టులలో ఇంకా ఎన్నో సంవత్సరములు తిరిగింది. ఆమె 2022 సెప్టెంబరు 1న మరణించింది. నేడు ఆమె పేరు న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదువుచున్నారు.

ఇది విని, "అయితే ఆ తీర్పు వలన ఒరిగినది ఏమి?" అని అడుగవచ్చును. ఒరిగినది ఉన్నది. అంతకు ముందు ఆడబిడ్డ అడిగితే "చట్టమే లేదు" అనేవారు. ఆ తరువాత అన్నకు ఆమె సంతకము కావలసి వచ్చింది. సంతకము కావాలంటే ఆమెకు హక్కు ఉన్నదని ఒప్పుకొన్నట్టే గదా!

మరి రెండు తీర్పులు

క్రైస్తవ కుటుంబములను తాకిన మరి రెండు తీర్పులను కూడ తెలిసికొందాము.

1869 నాటి విడాకుల చట్టము ప్రకారము క్రైస్తవ భర్త, భార్య వ్యభిచరించినదని రుజువు చేస్తే చాలు, విడాకులు పొందేవాడు. భార్యకు అది చాలదు. వ్యభిచారముతో పాటు క్రూరత్వమో, రెండు సంవత్సరములు విడిచిపెట్టడమో కూడ ఆమె రుజువు చేయాలి. కొట్టి హింసించినా, దిక్కులేకుండ విడిచిపోయినా, అది ఒక్కటే అయితే ఆమెకు విడుదల లేదు. కేరళ హైకోర్టు 1995లో ఈ భేదము చెల్లదని, క్రూరత్వము గాని విడిచిపెట్టడము గాని దానికదే చాలునని తీర్పు చెప్పింది. పార్లమెంటు 2001లో చట్టమును సవరించి, దేశమంతటా క్రైస్తవ భార్యాభర్తలకు ఒకే న్యాయము ఏర్పరచింది. వివాహబంధము తెగిపోవాలని మనలో ఎవరమూ కోరము. అయితే ఒకే బంధమునకు భర్తకొక తూకము, భార్యకొక తూకము ఉండడము న్యాయము కాదు గదా.

రెండవది దానములను గూర్చినది. దగ్గర బంధువులున్న క్రైస్తవుడు తన ఆస్తిని సంఘమునకో, ఆసుపత్రికో, అనాథాశ్రమమునకో వీలునామా ద్వారా ఇవ్వదలచితే, చనిపోవుటకు కనీసము పన్నెండు నెలల ముందే ఆ వీలునామా వ్రాయాలని, వ్రాసిన ఆరు నెలల లోపు నియమిత స్థలములో దాఖలు చేయాలని వారసత్వ చట్టము 118వ సెక్షనులో ఉండేది. మరణ దినము ఎవరికి తెలుసు? జాన్ వల్లమట్టమ్ అనే క్రైస్తవ గురువు దీనిని ప్రశ్నించాడు. ప్రధాన న్యాయమూర్తి వి.ఎన్. ఖరే ఆధ్వర్యములోని సుప్రీంకోర్టు ధర్మాసనము 2003లో ఆ సెక్షనును కొట్టివేసింది.

మన పొరుగు హిందూ కుటుంబములలోను ఈ మార్పు జరిగినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చింది. అప్పటికే పెండ్లి అయినవారికి మాత్రము అది వర్తించలేదు. 2005లో దేశమంతటికి అటువంటి సవరణ వచ్చింది. ఆ నాటికి తండ్రి బ్రతికి ఉండాలా అనే సందేహమును సుప్రీంకోర్టు 2020లో తీర్చివేసి, అవసరము లేదన్నది. ఇక్కడ మొదట శాసనసభ నడచింది, తరువాత కోర్టు దారి చక్కచేసింది. క్రైస్తవ విడాకుల విషయములో మొదట కోర్టు నడచింది, తరువాత పార్లమెంటు వచ్చింది. బండికి రెండు చక్రములూ కావాలి.

మన ఇంటి సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. తెలుగు క్రైస్తవ కుమార్తెకు సమాన వాటా ఎవరూ కొత్తగా గెలిచి ఇవ్వవలసిన పని లేదు. అది మన ముత్తాతల కాలము నుండి చట్టములో ఉన్నది. మరి మన సంఘములలో ఎంతమంది అక్కచెల్లెండ్రు వాటా పొందారు? "కట్నము ఇచ్చాము గదా" అంటాము. "పసుపు కుంకుమ క్రింద అర ఎకరము ఇచ్చాము, అది చాలదా?" అంటాము. తండ్రి చనిపోయిన తరువాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రము కోసము పోయి, అందులో ఆడబిడ్డల పేర్లు వ్రాయించము. భూస్థాపన కూడిక ముగిసి బంధువులు వెళ్ళకముందే, ఏడ్చి ఏడ్చి ఉన్న చెల్లెలి ముందు కాగితము పెట్టి వేలిముద్ర వేయించుకొంటాము. ఆమె అడిగితే పుట్టింటి గడప మూసుకొంటుందని ఆమెకు తెలుసు. అందుకే అడగదు. అడగకపోవడము వదలుకోవడము కాదు.

కట్నము తీసికొనడము, ఇవ్వడము 1961 నుండి నేరము. నేరముగా ఇచ్చినదానిని చూపించి న్యాయమైన వాటాను ఎగవేయడము ఎంతవరకు సమంజసమో ప్రతి తండ్రీ, ప్రతి అన్నా ఆలోచించాలి.

కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుట మేలు. మొదటిది, ఏ కాగితము మీదనైనా చదివించుకొనకుండ సంతకము చేయవద్దు. రెండవది, వీలునామాకు ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ వీలునామా వలన లాభము పొందేవారిని గాని, వారి భార్యను లేక భర్తను గాని సాక్షిగా పెట్టకూడదు. పెడితే క్రైస్తవుల విషయములో వారికి వ్రాసిన భాగము చెల్లదు. మూడవది, పెండ్లికి ముందు వ్రాసిన వీలునామా పెండ్లితో రద్దవుతుంది, మరల వ్రాసికొనవలెను. నాలుగవది, రికార్డులలో ఒక మతము, ఆచరణలో మరొకటి ఉన్న కుటుంబములు తమకు ఏ చట్టము వర్తిస్తుందో ముందుగా న్యాయవాదిని అడిగి తెలిసికొనాలి.

"న్యాయవాదికి డబ్బు ఎక్కడిది?" అని దిగులుపడవద్దు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి ఆదాయముతో పని లేకుండ ఉచిత న్యాయ సహాయము లభిస్తుంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో గాని, మండల న్యాయ సేవా కమిటీలో గాని అర్జీ పెట్టుకొనవచ్చును. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెపుతారు. లోక్ అదాలత్‌లో రాజీపడితే ఖర్చు లేదు, అప్పీలు లేదు, తిరుగుడు లేదు.

ఇంకొక మాట. తండ్రి తన స్వార్జితమును వీలునామా ద్వారా ఎవరికైనా వ్రాయవచ్చును. కుమార్తెకు ఒక్క సెంటు లేకుండ వ్రాసినా చట్టము ఊరకుంటుంది. ఎంత గొప్ప తీర్పు అయినా మన ఇంటి గడప వరకే వస్తుంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టవలసినది మనమే. మేరీ రాయ్ కోర్టుకు పోయినది కోర్టు మీద ప్రేమతో కాదు. ఇంటిలో న్యాయము దొరకక పోయింది.

మన పిల్లలు అటువంటి ప్రయాణము చేయకుండ కాపాడగలిగినవారు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కారు. కాలు, చెయ్యి బాగున్న రోజులలోనే పిల్లలందరినీ, అల్లుళ్ళనూ కోడళ్ళనూ కూడ, ఒక్కచోట కూర్చోబెట్టి తన ఆస్తి ఏమిటో, ఎవరికి ఏది ఇవ్వదలచినదీ నోరు విప్పి చెప్పే తండ్రి ఆ పని చేయగలడు. చెల్లెలు అడగకముందే ఆమె పేరు పత్రములో వ్రాయించే అన్న చేయగలడు. పెద్దమనుషుల పంచాయితీలో ఆడబిడ్డ పక్షమున ఒక్క మాట పలికే సంఘ పెద్ద చేయగలడు. సెలోపెహాదు కుమార్తెలు అడిగినప్పుడు మోషే విన్నాడు. మన కుమార్తెలు అడిగే వరకు మనము ఆగనవసరము లేదు.